కనిపించని నిప్పు

కంటికి కనిపించే నిప్పుకు పసిబిడ్డ కూడా వెరచి తప్పుకుంటుంది. చిక్కంతా కనిపించని నిప్పుతోనే. దానికి రంగు లేదు, వాసన లేదు. తాకినప్పుడు సెగ తెలియదు. రేడియోధార్మికత అటువంటిది.

2024లో దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ అడవిలో యురేనియం కోసం బోర్లు వేస్తారన్న వార్త పుట్టగానే మన పడమటి కర్నూలు పల్లెలకు గుబులు పట్టుకుంది. జనం రోడ్డెక్కారు, ప్రభుత్వం ఆ పని నిలిపివేసింది. నిజానికి భూమిలోని యురేనియం బాంబు కాదు. దాని ధార్మికత మందకొడిది. నీళ్ళలో కలిసి చాలాకాలం కడుపులోకి పోతే ముందుగా దెబ్బతినేవి మూత్రపిండాలు. ఇంతకంటె భయంకరమైన ప్రశ్న మరొకటి ఉన్నది: వైద్యానికో, పరిశ్రమకో వాడే తీవ్రమైన ధార్మిక పదార్థాన్ని ఎవడైనా దుర్మార్గుడు నలుగురు తిరిగే బజారులో వెదజల్లితే ఏమవుతుంది?

అణుబాంబు పడినట్లు ఊళ్ళు మాడిపోవు. మిగిలేది ధూళి, దానివెంట భయం. ఆ రెండూ ఏం చేయగలవో 1987లో బ్రెజిల్ దేశపు గొయానియా నగరం చూసింది. పాడుబడిన వైద్యశాలలోని కాన్సర్ చికిత్సాయంత్రాన్ని ఇద్దరు తుక్కు కోసం ఊడదీశారు. లోపల ఉన్నది సీజియం-137 పొడి. చీకట్లో నీలంగా మెరుస్తుంటే ముచ్చటపడి చుట్టపక్కాలు తలా చిటికెడు తీసుకున్నారు. ఒక ఆరేళ్ళ పిల్ల ఆ పొడి అంటిన చేతులతోనే తిండి తిన్నది. 1,12,000 మందికి పైగా పరీక్షలు చేయగా 249 మందికి ధూళి అంటినట్లు తేలింది. నలుగురు మరణించారు, ఆ పిల్ల వారిలో ఒకతె.

మన దేశంలోనూ 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకు చేరిన పాత పరికరంలోని కోబాల్టు-60 ఒకరి ప్రాణం తీసింది. ఇవి ఉగ్రవాదుల పనులు కావు, అజాగ్రత్త ఫలితాలు. కాని శరీరానికి ఆ తేడా తెలియదు గదా!

ఎక్కువ మోతాదు తగిలినవారికి కొన్ని గంటల్లోనే వాంతులవుతాయి. ఎంత త్వరగా మొదలైతే అంత పెద్ద దెబ్బ అని వైద్యులు లెక్కగడతారు. తరువాత కొన్నాళ్ళు నెమ్మదించినట్లే ఉంటుంది. ఈలోగా ఎముకల్లోని మూలుగ దెబ్బతిని, రక్తకణాలు తగ్గి, అంటురోగాలూ రక్తస్రావమూ ముంచుకొస్తాయి. అందుకే రక్తపరీక్షలు మళ్ళీ మళ్ళీ చేస్తారు. మూలుగకు బలమిచ్చే ఇంజెక్షన్లు, రక్తం ఎక్కించడం, అంటురోగాలు సోకని గది అవసరమవుతాయి. లోపలికి పోయిన సీజియాన్ని బయటికి తోడడానికి ప్రష్యన్ బ్లూ అనే మందు ఉన్నది. అందరూ చెప్పుకునే అయోడిన్ మాత్ర థైరాయిడ్ గ్రంథిని, అదీ రేడియో అయోడిన్ నుంచి మాత్రమే కాపాడుతుంది. తక్కిన వాటికి అది పనిచేయదు.

ఇంటివారు చేయగలిగినది తక్కువేమీ కాదు. ఆదోని జిన్నింగు మిల్లు నుంచి వచ్చిన మనిషికి దూదిపింజ ఎట్లా అంటుకుని ఉంటుందో, ధార్మిక ధూళీ అట్లాగే అంటుకుంటుంది. పైబట్టలు దులపకుండా మెల్లగా విప్పితే అధికభాగం వాటితోనే పోతుంది. వాటిని సంచిలో మూటగట్టి దూరంగా పెట్టాలి. గోరువెచ్చని నీటితో, సబ్బుతో స్నానం చేయాలి. చర్మం గీరుకుపోయేట్లు తోమరాదు. తలుపులు మూసుకుని లోపలే ఉండి, అధికారుల మాట వినాలి. ఆరుబయట పెట్టిన తిండి ముట్టరాదు. నెత్తురు కారుతున్న గాయం ఉంటే మాత్రం ముందు దానికే వైద్యం. ధూళి సంగతి తరువాత.

మరొక సంగతి ముఖ్యం. ఒంటికి కిరణాలు మాత్రమే తగిలిన మనిషి నుంచి ఇతరులకు ప్రమాదం లేదు. ఎక్స్‌రే తీయించుకున్నవాడు పక్కవాణ్ణి కాల్చడు గదా! ధూళి అంటినవాడైనా, శుభ్రపడితే ఆ భయం చాలావరకు తీరుతుంది. గొయానియాలో ఆ చిన్నపిల్లను పూడ్చనివ్వమని జనం రాళ్ళు రువ్వారు. ధూళి నలుగురిని చంపింది. భయం మాత్రం ఊరి మనసునే విరిచింది. ఆదోనిలోనైనా, ఎమ్మిగనూరులోనైనా అటువంటి రోజు రాకూడదు. వస్తే పొరుగువాడి మొహాన తలుపు వేయకుండా, ఒక బక్కెట్టు నీళ్ళూ సబ్బూ అందించే తెలివి మనకుండాలి.