ఎడారిలో చిత్రశాల

అమ్మమ్మ మనుమరాలికి కథలు చెప్పటం లోకసహజం. ఆ అమ్మమ్మ బ్రతుకే మనుమరాలి చేతిలో కథ కావటం అరుదు. 2006లో అమెరికాలో ఎమీ లీ-టై అనే రచయిత్రి పిల్లలకొక బొమ్మల పుస్తకం వ్రాసింది. ‘పొద్దుతిరుగుడు పూలు పూచే చోటు’ అని దాని పేరుకు అర్థం. ముళ్ళకంచె నడుమ నివసించే మారి అనే బాలిక ఎడారినేలలో విత్తులు నాటి మొలకలకోసం ఎదురుచూస్తుంది. చిత్రలేఖనపు తరగతిలో ఏమి గీయాలో తోచక తెల్లకాగితం వంక చూస్తూ కూర్చుంటుంది. ఇంగ్లీషు, జపాను భాషలు రెండింటిలోను అచ్చయిన ఈ కథకు ఆధారం రచయిత్రి తల్లి బాల్యం, అమ్మమ్మ హిసాకో హిబి జీవితం.

హిసాకో 1907లో జపానులోని ఫుకుయి ప్రాంతంలో ఒక పల్లెయందు జన్మించింది. 1920లో తల్లిదండ్రులను చేరుకోటానికి సముద్రం దాటి అమెరికా వచ్చింది. అయిదేండ్లకు తల్లిదండ్రులు స్వదేశానికి మరలిపోయారు. ఆమె మాత్రం పోలేదు. పద్దెనిమిదేండ్ల పిల్ల పరదేశంలో ఒంటరిగా నిలిచిపోవటం ఆనాటికి సామాన్యమైన సాహసం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చదువు ముగించి, కాలిఫోర్నియా లలితకళాపాఠశాలలో చేరింది. అక్కడ పరిచయమైన చిత్రకారుడు జార్జి మత్సుసబురో హిబి ఆమెకంటె ఇరవై యేండ్లు పైగా పెద్దవాడు. 1930లో వారికి వివాహమయింది. కొడుకు, కూతురు కలిగారు. హేవర్డు ప్రాంతంలో కాపురం పెట్టి, దంపతులిద్దరు చిత్రరచన సాగించారు.

ఎన్నేండ్లు అక్కడ నివసించినా హిసాకోకు పౌరసత్వం లభించే వీలు లేదు. జపానునుండి వచ్చినవారికి ఆ హక్కు లేదని 1922లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. మరుసటి యేడు భారతీయుల విషయంలోను అట్టి తీర్పే వెలువడింది. 1923లోనే అమెరికా చేరిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారికి కూడ 1946 దాకా ఆ ద్వారం మూసియే ఉన్నదని మనవారిలో ఎందరికి జ్ఞాపకం!

1941 డిసెంబరులో జపాను పెర్ల్ హార్బరుపై దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్టు ఒక ఉత్తరువుపై సంతకం చేశాడు. దాని ఫలితంగా పడమటితీరంలోని జపాను సంతతివారు సుమారు 1,20,000 మంది ఇండ్లు వాకిళ్ళు విడువవలసి వచ్చింది. వారిలో దాదాపు మూడింట రెండువంతులు అమెరికాలోనే పుట్టిన పౌరులు. నేరారోపణ లేదు, విచారణ లేదు. చేత పట్టినంత సామానే వెంట తీసుకుపోవాలి. చిత్రకారుని ఇంటిలో చేత పట్టనివే ఎక్కువ గదా! జార్జి తన చిత్రాలు అనేకం ఊరివారికి కానుకగా ఇచ్చివేశాడు.

మొదట వారిని ఉంచిన తాన్‌ఫొరాన్ ఒక గుఱ్ఱపుపందెముల మైదానం. ఎన్నో కుటుంబాలకు గుఱ్ఱపుసాలలే గదులు. అట్టి చోట కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చియురా ఒబాటా సాటి చిత్రకారులను కూడగట్టి ఒక చిత్రకళాపాఠశాల తెరిచాడు. 600 మందికి పైగా విద్యార్థులు చేరారు. ఉపాధ్యాయులైన మా పాఠకులు ఈ సంఖ్యను ఒక్కక్షణం తలపోయవలె. ఉద్యోగం, ఇల్లు, ఊరు పోయిన మనుష్యులు మొట్టమొదట కోరినవానిలో బడి ఒకటి.

ఆ యేడే వారిని యూటా రాష్ట్రంలోని టోపజ్ శిబిరానికి తరలించారు. ఎండాకాలం మండుటెండ, చలికాలం గడ్డకట్టే చలి, ఏ కాలంలోనైనా దుమ్ము. బడి అక్కడా సాగింది. 1943లో ఒబాటాపై శిబిరంలోనే ఎవరో దాడి చేయగా ఆయన కుటుంబంతో వెళ్ళిపోయాడు. బడిభారం జార్జి వహించాడు. హిసాకో పిల్లలకు బొమ్మలు నేర్పింది. తన పిల్లల పోషణ, తరగతి పని చూచుకుంటూ, మూడేండ్లలో డెబ్బదికి పైగా తైలవర్ణచిత్రాలు రచించింది.

వానిలో ఒకటి అమెరికను చిత్రకర్త్రి మేరీ కసాట్‌కు నివాళిగా 1943లో వ్రాసినది. తల్లి బిడ్డకు స్నానం చేయించటం దాని విషయం. తల్లీబిడ్డల చిత్రాలకు కసాట్ ప్రసిద్ధురాలు. కాని కసాట్ చిత్రంలోని స్నానం ఇంటిలో జరుగుతుంది. హిసాకో ఎరిగిన స్నానం శిబిరంలోనిది. బిడ్డమీది తల్లిచేయికి మాత్రం ఆ భేదం లేదు. 1944నాటి ‘తేలే మేఘాలు’లో క్రింద రేకులబారుగా పాకలు, పైన విశాలమైన ఆకాశం. కాపలా బురుజును ఎంతో పెద్దదిగా గీసి కోపం చాటిన చిత్రాలకంటె నాకీ మేఘాలే బలవత్తరములుగా తోస్తవి.

1945లో విడుదల అయిన పిమ్మట కుటుంబం న్యూయార్కు చేరింది. రెండేండ్లకే జార్జి మరణించాడు. హిసాకో దుస్తుల కర్మాగారంలో కుట్టుపనిచేసి పిల్లలను పెంచింది. చట్టం మారిన మరుసటి యేడు, 1953లో, అమెరికా పౌరురాలయింది. 1954లో శాన్‌ఫ్రాన్సిస్కో తిరిగివచ్చింది. అటుపై ఆమె చిత్రాలలో రూపరేఖలు కరగిపోయి, రంగులు తేలికపడ్డవి. శిబిరవాసులకు జరిగిన అన్యాయాన్ని అంగీకరిస్తూ అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పిన 1988 నాటికి ఆమె జీవించియే ఉన్నది. 1991లో కన్నుమూసింది.

ఆమె వ్రాసిపెట్టిన జ్ఞాపకాలను కుమార్తె ఇబుకి 2004లో గ్రంథంగా వెలువరించింది. టోపజ్ చిత్రాలలో అధికభాగం లాస్ ఏంజలిస్‌లోని జపానీయ-అమెరికను జాతీయ ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నవి. మీకి హయకావా, మినే ఒకుబో అనే సాటి చిత్రకర్త్రుల కృతులతోపాటు హిసాకో చిత్రాలను 2024 నవంబరునుండి 2025 వేసవి దాకా వాషింగ్టను నగరంలో ప్రదర్శించారు. 1942లో ఆ ఉత్తరువు వెలువడినది ఆ నగరంనుండే.