చెప్పకపోయినా ఉన్నట్టేనా?

1887లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం ఓ చెక్క బిళ్ళకు గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టి, పెరట్లో దొర్లించాడు. పక్కనే దొర్లించిన సైకిలు చక్రం సగం దూరంలోనే ఆగిపోయింది. గాలి గొట్టం చుట్టిన బిళ్ళ మాత్రం గేటు గుంజకు కొట్టుకునేదాకా పోయింది. 1888లో పేటెంటు వచ్చింది. రెండేళ్ళకే అది చెల్లదని తేలింది. ఎందుకంటే స్కాట్లాండ్ ఇంజనీరు రాబర్ట్ థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు పుచ్చుకున్నాడు.

థామ్సన్ అక్షరాలా రాసిపెట్టాడు గనుక అక్కడ చిక్కులేదు. రాయనిదాని సంగతేమిటి?

అదే బెల్‌ఫాస్ట్‌లోని రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో 1965లో డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్ కారు బ్యాటరీలతో నడిచే డిఫిబ్రిలేటర్ చేయించాడు. గుండెకు షాకిచ్చే ఆ యంత్రం బరువు 70 కిలోలు. దాన్ని అంబులెన్సులోకెక్కించి రోగి ఇంటికే తీసుకెళ్ళారు. ఊరికే అనుకుందాం: ఈరోజు ఎవరో ఛాతీమీద ఆనించే పలకకు పేటెంటు అడిగారు, 'చర్మం దగ్గర విద్యుత్ నిరోధం ఇన్ని ఓములు దాటదు' అని. పాత కాగితాల్లో ఆ అంకె ఎక్కడా లేదు. కానీ పాత పలకలోనూ అది ఎప్పుడూ దాటేది కాదనుకోండి? అప్పుడు కొత్తగా కనిపెట్టిందేముంది, కొలిచారంతే. లాయర్లు దీన్నే ఇన్‌హెరెంట్ యాంటిసిపేషన్ అంటారు.

రుజువు చేయడమే కష్టం. పాత వర్ణన ప్రకారం, ఆనాటి సరుకుతోనే పలక మళ్ళీ తయారుచేసి కొలవాలి. పదింట తొమ్మిదిసార్లు కుదిరితే చాలదు, తప్పనిసరిగా ప్రతిసారీ రావాలి. నన్నడిగితే, చట్టం ప్రయోగశాల మెట్లెక్కే ఈ ఘట్టమే అన్నిటికన్నా రంజుగా ఉంటుంది.

1995లో మెరెల్ డౌ కేసులో బ్రిటన్ ప్రభువుల సభ ఇంకో మెలిక పెట్టింది. టెర్ఫెనాడిన్ అనే అలర్జీ మాత్ర మింగితే కాలేయం దాన్ని ఒక ఆమ్లంగా మారుస్తుంది. కంపెనీ ఆ ఆమ్లానికి తర్వాత వేరే పేటెంటు తీసుకుంది. పరీక్షల్లో వాలంటీర్లు అంతకుముందే ఆ మాత్ర మింగారు, వాళ్ళ ఒంట్లో ఆమ్లమూ తయారైంది. అయినా దానివల్ల లోకానికి తెలిసిన సమాచారం సున్నా, కాబట్టి అది లెక్కకు రాదన్నారు న్యాయమూర్తి లార్డ్ హాఫ్‌మన్. కొత్త పేటెంటును కూల్చింది మాత్ర మింగమని చెప్పిన పాత పేటెంటు కాగితమే. ఆ బ్రిటన్ పేటెంటు చట్టమే బెల్‌ఫాస్ట్‌కూ వర్తిస్తుంది.

అందుకే మన పలక తగాదాలో లాయరు ముందు అంబులెన్సు వెనక పడడు. పాంట్రిడ్జ్, ఆయన తోటి డాక్టరు గెడెస్ కలిసి 1967లో లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసం తీసి, పలక ఊసెక్కడుందా అని వరసవరసా వేలు పెట్టి వెతుకుతాడు.