వలదన్న కాఫీ కప్పు

ఇంటికి వచ్చిన వానికి కాళ్లకు నీళ్లిచ్చుట వెనుకటి మర్యాద. కప్పుడు కాఫీయో, తేనీరో ఇచ్చుట నేటి మర్యాద. విజయనగరమున గాని శ్రీకాకుళమున గాని అతిథి ఆ కప్పును వలదన్నచో గృహిణి చిన్నబుచ్చుకొనుట సహజము. అయితే మతనియమమును బట్టి వలదనువారును కలరు. ఆ నియమమేమో, దాని అర్థమెట్లు స్థిరపడినదో తెలిసికొన్నచో మనసు నొచ్చుకొనుటకు తావుండదు.

లోకము మోర్మనులని పిలుచువారి సంఘమునకు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘమని పేరు. దీనిని 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ స్థాపించెను. సమోవా దీవులలో ఈ మతమును స్వీకరించిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాదునకు వచ్చి తమ బంధువులకు బోధించిరి. భారతదేశమున మొదటి ‘స్టేకు’, అనగా పెక్కు స్థానిక సంఘముల కూటమి, 2012లో హైదరాబాదుననే ఏర్పడినది. మనకు చేరువనున్న విశాఖపట్టణమునందును వీరి సంఘములు కలవు.

వీరి ఆహారపానీయముల నియమమునకు ‘జ్ఞానవాక్యము’ అని పేరు. 1833 ఫిబ్రవరి 27న ఒహాయో రాష్ట్రమందలి కర్ట్‌లండులో స్మిత్ దీనిని వెలువరించెను. ఘాటు మద్యములు, పొగాకు, వేడి పానీయములు కూడవనియు, మాంసము మితముగా తినవలెననియు, ధాన్యములును పండ్లును మేలనియు దీని సారాంశము. మొదట ఇది హితవే గాని ఆజ్ఞ కాదు. 1921లో దేవాలయ ప్రవేశమునకు దీనిని పాటించుట తప్పనిసరి అయినది.

చిక్కంతయు ‘వేడి పానీయములు’ అను మాటలో నున్నది. మూలమున కాఫీ పేరు లేదు, తేయాకు పేరును లేదు. ఆ మాటకు అర్థము ఈ రెండే యని జోసెఫ్ స్మిత్ అన్నగారైన హైరం స్మిత్ 1842లో వివరించెను. అర్థము వేడిని విడిచి వస్తువును పట్టుకొన్నది. కనుక మంచుగడ్డ వేసి చల్లార్చినను కాఫీ కూడదు. పచ్చ తేయాకును అదే మొక్క ఆకు గనుక కూడదని 2019లో సంఘపు యువజన పత్రిక స్పష్టము చేసినది. పొగలు గ్రక్కు చోడి అంబలికి గాని, అల్లము వేసి కాచిన పాలకు గాని అడ్డులేదు. కెఫీను అను ద్రవ్యమే నిషేధమునకు కారణమని తలచి కొందరు కోలా పానీయములను సైతము మానిరి. నియమము కెఫీనును పేర్కొనలేదని 2012లో సంఘము తెలియజేసినది.

మద్యము విషయమున ఆచారము మూలముకంటె కఠినమైనది. బార్లీతో చేయు మృదుపానీయములను మూలము మెచ్చినది. నేడు బీరు నిషిద్ధము. సంస్కార భోజనమున తాము స్వయముగా చేసికొన్న స్వచ్ఛమైన ద్రాక్షారసమునకు మూలము అనుమతి నిచ్చినది. నేడు రొట్టెతో నీటినే పంచుదురు. మన తాటికల్లు, జీలుగుకల్లు పేర్లు ఆ గ్రంథమున లేవు. అయినను మత్తు కలిగించునవి గనుక అవియు కూడవు.

ఒకచోట మూలాక్షరమును దాటుట, మరియొకచోట కెఫీను వంటి కొత్త నిషేధమును చేర్చకుండుట వింతగా తోచవచ్చును. కాని మన యిండ్ల సంగతి చూడుడు. శనివారము రాత్రి అన్నము మానినవారు ఉప్పుడుపిండి తిందురు, రెండును బియ్యమే. ఆ తేడాను ఏర్పరచినది బియ్యపుగింజ కాదు, వ్రతమును పాటించు పెద్దలు. నియమపు మాట గ్రంథమున నుండును. దాని హద్దు ఆచరించువారి నడుమ నుండును.

ఇందు నిజమైన కష్టము అతిథితో కాదు, ఇంటివానితోనే. మేనల్లుడో, కోడలో ఈ మతమును స్వీకరించినప్పుడు “ఒక్క గుక్క త్రాగిన నేమి?” అని బలవంతపెట్టుట మన ప్రేమకు గుర్తు. త్రాగిన వ్రతము చెడును. త్రాగకున్న పిన్నిగారి మనసు నొచ్చును. అట్టి ఇరకాటమున వారిని పెట్టకుండుటయే ఆదరణ. గ్లాసెడు మజ్జిగయో, కొబ్బరినీళ్లో అందించినచో వారి నియమమును నిలుచును, మన మర్యాదయు నిలుచును.