పరుగు పందెపు బండికి ఎత్తయిన హ్యాండిలు

అమరాపురం నుంచి వచ్చి హిందూపురంలో చదువుకుంటున్న మా విద్యార్థి ఒకడు పరీక్ష జరుగుతుండగా కలం క్రింద పెట్టి, కుడిచేతిని విదిలించుకుంటూ కూర్చున్నాడు. కారణమడిగితే చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలు మొద్దుబారిపోయాయన్నాడు. వ్రాత అలవాటు తప్పిన చేయి అని మేము మొదట అనుకొన్నాము. ఈ కాలపు విద్యార్థులను గురించి అధ్యాపకులకు ఇటువంటి అభిప్రాయాలు చాలా త్వరగా కలుగుతాయి. తరువాత విచారించగా దోషం వ్రాతది కాదని తేలింది. అతడు ప్రతి శనివారం మడకశిర మీదుగా ఇంటికి వెళ్లి, సోమవారం తెల్లవారుజామున తిరిగి వస్తాడు. ఒక్కొక్క వైపు అరవై కిలోమీటర్లకు మించిన దారి. ఎక్కి వచ్చేది యమహా ఆర్15 అనే పరుగు పందెపు తరహా మోటారు సైకిలు. పట్టుగూళ్లు అమ్మిన డబ్బుతో తండ్రి కొనిపెట్టిన పాత బండి.

"బండి మార్చే స్తోమత లేదు సార్. హ్యాండిల్ ఎత్తు చేయిస్తే చాలదా?" అని అతడు మమ్ములను అడిగాడు. మేము తెలుగు బోధించేవారమే గాని యంత్రశాస్త్రం చదివినవారము కాము. అయినా ఆ ప్రశ్న మమ్ములను వదలలేదు. అదే రోజులలో, మార్పులు చేసిన మోటారు సైకిళ్లను కళాశాల ఆవరణలోనికి రానివ్వరాదన్న మాట కమిటీ పెద్దల మధ్య నడుస్తూ ఉన్నది. సైలెన్సరు తొలగించి ఊరంతా దద్దరిల్లజేసేవాడినీ, మణికట్టు నొప్పికి హ్యాండిలు ఎత్తు చేయించుకొన్నవాడినీ ఒకే గాట కట్టవచ్చునా అన్న సందేహమే మమ్ములను మెకానిక్కు షెడ్డు దాకా నడిపించింది. అక్కడ చూచినవీ, అడిగి తెలుసుకొన్నవీ, చదివి సరిచూచుకొన్నవీ ఇక్కడ వ్రాస్తున్నాము.

మామూలు బండికి హ్యాండిలు ఒకే గొట్టం. మధ్యలో బిగించి ఉంటుంది. రెండు కొనలూ రౌతు వైపు వంగి వస్తాయి. పందెపు బండికి అట్లా కాదు. ముందు చక్రాన్ని పట్టి ఉండే రెండు ఫోర్కు గొట్టాలకు విడివిడిగా రెండు పొట్టి పిడులు బిగించి ఉంటాయి. వీటినే క్లిప్ ఆన్‌లు అంటారు. ఇవి పల్లంగా ఉండడం వలన నడిపేవాడు ముందుకు వాలి, ఛాతీని పెట్రోలు ట్యాంకుకు దగ్గరగా పెట్టుకోవలసి వస్తుంది. కాళ్లు పెట్టుకొనే కడ్డీలు కూడ వెనుకకు జరిగి ఉంటాయి. 1960లలో బ్రిటనులో కుర్రకారు తమ మామూలు బండ్లకు పందెపు బండ్ల క్లిప్ ఆన్‌లు తగిలించి, ఒక కాఫీ హోటలు నుంచి మరొక దానికి పరుగులు తీసేవారు. అప్పుడు హ్యాండిలును క్రిందికి దించడం మోజు. ఇప్పుడు మనవాళ్లు పైకి ఎత్తమంటున్నారు. అరవై ఏండ్లలో మోజు తలక్రిందులైందని నవ్వుకోవచ్చు గాని, రెండింటికీ వెనుక ఉన్న లెక్క ఒక్కటే.

ఆ లెక్క గాలిది. వేగం రెట్టింపయితే ఎదురుగాలి త్రోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో ఛాతీని ఎంత గాలి వెనుకకు నెడుతుందో, 40 కిలోమీటర్ల వేగంలో దానిలో తొమ్మిదవ వంతు మాత్రమే నెడుతుంది. పందెపు మైదానంలో ముందుకు వాలిన మనిషిని ఈ గాలే కొంతవరకు మోస్తుంది. అందువలన చేతులమీద బరువు తగ్గుతుంది. మన దారిలోనో? ప్రతి ఊరి ముందరా వేగనిరోధకాలు, కోతల కాలంలో రోడ్డు మీదనే పరచిన రాగి, ఉలవ కట్టెలు, గొర్రెల మందలు, ఎదురుగా బస్సు. ముప్పై నలభై దాటడమే గగనమైన చోట మోసే గాలి లేదు. తల, భుజాలు, మొండెం, వీపున వ్రేలాడే పుస్తకాల సంచీ, అన్నీ కలిసి రెండు మణికట్ల మీద కూర్చుంటాయి. తెలుగులో మనం వాడే లగాము అన్న మాట పారశీకం నుంచి వచ్చినది. గుఱ్ఱపు రౌతు లగామును చేత పట్టుకొంటాడే గాని, దాని మీద ఆనుకొని కూర్చోడు. హ్యాండిలు కూడ త్రిప్పడానికి ఉద్దేశించినది; బరువు మోయడానికి కాదు.

అరచేతి అంచున, చిటికెన వ్రేలి వైపు, అల్నార్ అనే నాడి చర్మానికి దగ్గరగా పోతుంది. అక్కడ గంటల తరబడి ఒత్తిడి పడితే చిటికెన వ్రేలు, ఉంగరపు వ్రేలిలో సగం మొద్దుబారతాయి. బొటన వ్రేలు, చూపుడు వ్రేలు, నడిమి వ్రేలు మొద్దుబారితే అది మణికట్టు మధ్యగా పోయే వేరొక నాడి మీది ఒత్తిడి. కుడిచేయి ఎక్కువగా బాధపడడానికి కారణమున్నది: ఎక్సలేటరు త్రిప్పి పట్టుకొన్నంతసేపూ ఆ మణికట్టు వంగియే ఉంటుంది. దూర ప్రయాణాలు చేసే సైకిలు పందెగాళ్లకు ఈ బాధ చిరకాలంగా తెలిసినదే. బండి దిగిన గంటకు కూడ తిమ్మిరి వదలకపోతే హ్యాండిలు సంగతి తరువాత చూచుకోవచ్చు; ముందు వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

ఎత్తు హ్యాండిలు అన్నది మెకానిక్కుల పిచ్చి ఊహ కాదు, తయారీదారులే అంగీకరించిన విషయం. యమహావారు 2008లో మన దేశంలో ఆర్15 ను విడుదల చేశారు. 2019లో ఆ తరగతి ఇంజనునే పెట్టుకొని, ఒకే గొట్టపు ఎత్తు హ్యాండిలుతో ఎంటీ15 ను తెచ్చారు. మదరాసులో తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డువారు 2018లో ఒకే 648 సీసీ ఇంజనుతో రెండు బండ్లు విడుదల చేశారు. కాంటినెంటల్ జీటీకి పల్లపు క్లిప్ ఆన్‌లు, ఇంటర్‌సెప్టరుకు వెడల్పయిన ఎత్తు హ్యాండిలు. గుండె ఒకటే, కూర్చొనే తీరు వేరు. అయితే తయారీదారు హ్యాండిలును ఎత్తినప్పుడు దానితోపాటు వైర్ల పొడవును, కాళ్ల కడ్డీల స్థానాన్ని, సీటును కూడ మళ్లీ లెక్క కట్టుకొంటాడు. షెడ్డులో మనం ఎత్తేది హ్యాండిలును మాత్రమే. చిక్కంతా అక్కడ పుడుతుంది.

ఎత్తడానికి ఉన్న దారులు మూడు. మొదటిది, పాత క్లిప్ ఆన్‌ల స్థానంలో ఒకటి రెండు అంగుళాలు పైకి లేచిన క్లిప్ ఆన్‌లు వేయడం. ఫోర్కును చుట్టి పట్టే ఉంగరం యథాస్థానంలో ఉంటుంది, పిడి మాత్రం పైకి వస్తుంది. కొనేముందు ఫోర్కు గొట్టం వ్యాసాన్ని కొలుచుకోవాలి. సందు మిగిలితే కాగితమో రేకో చుట్టి బిగించేవారిని మేము చూచాము, అది ప్రాణాంతకం. రెండవది, రెండు ఫోర్కులనూ కలిపే పై పలకను, అనగా మెకానిక్కులు టీ అనే దానిని, మార్చి దాని మీద దిమ్మెలు నిలిపి ఒకే గొట్టపు హ్యాండిలు బిగించడం. పిడి దగ్గర గొట్టం సాధారణంగా 22 మిల్లీమీటర్ల వ్యాసం ఉంటుంది కనుక పాత స్విచ్చులు, లీవర్లు దీనికి పట్టుతాయి. మూడవ దారి మన పట్టణాలలో చౌకగా దొరుకుతుంది: పాత పిడిని కోసి, నడుమ ఇనుప గొట్టం ముక్క పెట్టి వెల్డింగు చేయడం. దీనిని గురించి ఒక్క మాట చాలు, చేయించరాదు. వెల్డింగు వేడి తగిలిన చోట లోహం బలం మారిపోతుంది. అల్యూమినియం పిడి అయితే మరీ ప్రమాదం. గుంతలో చక్రం పడిన క్షణాన పిడి చేతిలోకి ఊడి వస్తే పట్టుకోవడానికి వేరే ఏమీ ఉండదు.

మా విద్యార్థి రెండవ దారి పట్టాడు. ఒక షెడ్డులో పొద్దున ఇచ్చిన బండి మధ్యాహ్నానికి తయారయింది. నిటారుగా కూర్చొని, నవాబువలె సంతోషంగా బయలుదేరాడు. వీధి మలుపులో పూర్తిగా ఎడమకు త్రిప్పగానే ఇంజను దానంతట అదే రొద పెట్టి బండిని ముందుకు లాగింది. ఎదురుగా సోడా బండి. అదృష్టం కొద్దీ గోడకు రాసుకొని ఆగింది గాని, మోచేతి చర్మం లేచిపోయింది.

ఆ మిస్త్రీ హ్యాండిలు మార్చాడు, వైర్లు మార్చలేదు. ఇది చాల మందికి తట్టని సంగతి కనుక కొంచెం నిలిచి చెప్పుతాము. ఎక్సలేటరు వైరు అంటే ఒక గొట్టంలో నడిచే సన్నని తీగ. గొట్టం తగినంత వదులుగా వంపు తిరిగి ఉన్నంతవరకు తీగను లాగేది మన చేయి మాత్రమే. పిడి రెండు మూడంగుళాలు పైకి వెళ్లి గొట్టం బిగుసుకొంటే, హ్యాండిలు త్రిప్పడమే తీగను లాగుతుంది. అప్పుడు చేయి కదలకుండానే ఇంజను పరుగెత్తుతుంది. క్లచ్ వైరు బిగుసుకొంటే ఇంత భయంకరంగా కనిపించదు గాని, క్లచ్ సగం పట్టినట్లే ఉండి పలకలు కాలిపోతాయి. స్విచ్చుల కరెంటు వైర్లు సాగి సాగి ఒకనాడు లోపలే తెగుతాయి. అన్నిటికంటె ముఖ్యమైనది ముందు డిస్కు బ్రేకు గొట్టం. దానిలో ఉన్నది తీగ కాదు, ద్రవం. బిగుతుగా లాగబడిన గొట్టం కొలుకు దగ్గర చిరిగితే లీవరు నొక్కినా ముందు బ్రేకు ఉండదు. పొడవు గొట్టం వేసినప్పుడు కొలుకుల వద్ద రాగి వాషర్లు క్రొత్తవి వేయాలి. తయారీదారు చెప్పిన రకం ద్రవమే పోసి, లోపలి గాలిని పూర్తిగా తీయించాలి. ఆ ద్రవం ట్యాంకు మీద పడితే రంగును తినివేస్తుంది, తడిగుడ్డ దగ్గర పెట్టుకోవడం మంచిది.

తరువాత మేము అతనిని వెంటబెట్టుకొని మరొక మెకానిక్కు దగ్గరకు వెళ్లాము. వయసు మళ్లినవాడు. కుర్రవాళ్లందరూ ఉస్తాద్ అని పిలుస్తారు. స్పానరు పట్టుకొనే ముందే ఆయన బండిని నిలబెట్టి, ముందు చక్రాన్ని నేలనుంచి లేపాడు. ఎందుకని అడిగాము.

"గుంత దాటేటప్పుడు ఫోర్కు ఇంతవరకు సాగుతుంది సార్. నిలబడిన బండికి సరిపోయిన గొట్టం ఎగిరిన బండికి చాలదు" అన్నాడు.

ఆ విధంగా ఫోర్కు సాగి ఉండగా హ్యాండిలును ఎడమ కొసకు, కుడి కొసకు త్రిప్పి ప్రతి వైరును వ్రేలితో తడిమి చూచాడు. పిమ్మట న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుండగా మళ్లీ రెండు కొసలకూ త్రిప్పి శబ్దం విన్నాడు. శబ్దం వెంట్రుకవాసి పెరిగినా వైరు చాలదన్న మాట. పూర్తిగా త్రిప్పినప్పుడు పిడికీ ట్యాంకుకూ నడుమ వ్రేళ్లు నలగకుండా చోటు ఉన్నదా, బ్రేకు లీవరు ముందరి అద్దపు తొడుగును తాకుతున్నదా అని చూచాడు. పందెపు బండ్లకు ఈ తొడుగు చట్రానికి బిగించి ఉండి హ్యాండిలుతోపాటు తిరగదు. పల్లపు పిడికి చాలిన చోటు ఎత్తు పిడికి చాలకపోవచ్చు. బ్రేకు ద్రవం ఉండే చిన్న డబ్బా సమతలంగా నిలిచేటట్లు లీవరు వాలు సరిచేశాడు. వంద కిలోమీటర్లు తిరిగిన తరువాత బోల్టులన్నీ మరల బిగించడానికి రమ్మన్నాడు. ఇంత చేసి, ఎత్తును తగ్గించమని సలహా కూడ ఇచ్చాడు.

ఆ సలహా మాకు మొదట వింతగా తోచింది గాని, అందులో న్యాయమున్నది. పిడులు పైకి వచ్చినా కాళ్ల కడ్డీలు వెనుకనే ఉన్నాయి. నడుము నిటారుగా, మోకాళ్లు ముడుచుకొని కూర్చొంటే చేతులకు తప్పిన బరువు పిరుదులకు, వెన్నెముకకు పోతుంది. గుంతల దెబ్బ నేరుగా వెన్నులోనికి ఎక్కుతుంది. పైగా మనిషి బరువు వెనుకకు జరిగినందున ముందు చక్రం తేలికపడుతుంది. పరచిన రాగి కట్టె మీద, ఇసుక మీద దాని పట్టు తగ్గుతుంది. వేగం పెరిగితే నిటారు ఛాతీ తెరచాపవలె గాలిని పట్టి, ఆ గుంజు చేతుల ద్వారా హ్యాండిలుకు చేరి బండి ఊగవచ్చు. కనుక చాల మందికి అంగుళం, రెండంగుళాలు చాలు. అందుకు మొదటి దారియే సరిపోతుంది. చాల బండ్లకు అంత మాత్రానికి పాత వైర్లే అందుతాయి. అయినా త్రిప్పి చూడకుండా నమ్మరాదు. మా విద్యార్థి చివరకు ఆ దారికే వచ్చాడు. రెండుసార్లు డబ్బు ఖర్చయింది.

చట్టం మాట కూడ చెప్పవలసి ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు దీనిని గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరపు సవరణ, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చునన్నది. మార్పు అంటే బండి మౌలిక లక్షణాన్ని మార్చే నిర్మాణ భేదమని సెక్షను వివరణ. పత్రంలో హ్యాండిలు ఎత్తు వ్రాసి ఉండదు కనుక భయం లేదని షెడ్డులలో అంటారు. మేము అంత ధైర్యం చెప్పలేము. టీ మార్చడం, చట్రం కోయడం వంటి వాటికి పూనుకొనే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. ప్రమాదం జరిగిన తరువాత భీమా కంపెనీవారు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

కమిటీవారికి మా మనవి ఇదే. గేటు వద్ద బండిని ఆపి చూడవలసినవి సైలెన్సరు, నంబరు పలక, అద్దాలు. హ్యాండిలు మారి ఉంటే దానిని రెండు కొసలకూ త్రిప్పించి చూడండి. అరనిముషం పని. వైరు బిగుసుకొన్న బండిని లోనికి రానివ్వకుండా వెనుకకు పంపండి, మా విద్యార్థిదైనా సరే.

అతడు ఇప్పటికీ శనివారాలు అమరాపురం వెళ్లి వస్తున్నాడు. మొన్నటి పరీక్షలో మూడు గంటలూ కలం దించలేదు. బండి అమ్మే రోజు వస్తే మళ్లీ బిగించడానికి, పాత క్లిప్ ఆన్‌లను గోనెసంచిలో చుట్టి ఇంటి అటక మీద పెట్టాడట.