యాభై మిల్లీమీటర్ల కటకమూ, ఇందూరు దీపాల వెలుతురూ

కటకం అంటే ఏమిటో మనమందరం హైస్కూల్లోనే చదువుకున్నాము. కుంభాకారం, పుటాకారం, నిజప్రతిబింబం, మిథ్యాప్రతిబింబం, నాభ్యంతరం – ఇవన్నీ పరీక్ష కోసం బట్టీపట్టి, హాలులోంచి బయటికి రాగానే అక్కడే వదిలిపెట్టి వచ్చిన మాటలు. వాటిలో ఒక్క నాభ్యంతరాన్ని మాత్రం నేను ఇన్నేళ్ళుగా సంచీలో వేసుకుని తిరుగుతున్నాను. అది యాభై మిల్లీమీటర్లు. దాని పక్కన చెక్కిన రెండో అంకె 1.8. అరచేతిలో ఇమిడిపోయే ఈ పాత కటకాన్ని సెకండ్‌హాండులో కొన్నాను. మొదట ఫిల్ము కెమెరాకు, ఇప్పుడు ఒక అడాప్టరు సాయంతో డిజిటల్ కెమెరాకు తగిలించి వాడుతున్నాను.

దీన్ని గురించి మన సంచికకు నాలుగు మాటలు రాయమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. వస్తువు గుణగణాలు ఏకరువు పెట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఇది మన నిజామాబాదులో, మన బోధన్ వైపు దేనికి పనికివస్తుందో కూడా చెప్పదలచుకున్నాను.

తూము లెక్క

ముందు ఆ 1.8 సంగతి. నాభ్యంతరాన్ని ఈ అంకెతో భాగిస్తే కటకంలోంచి వెలుతురు వచ్చే ద్వారం వెడల్పు వస్తుంది. యాభైని 1.8తో భాగించండి, దాదాపు 28 మిల్లీమీటర్లు. అంటే మన పది రూపాయల బిళ్ళ కన్నా వెంట్రుకవాసి పెద్దది. ఇక కెమెరాతోపాటు ఇచ్చే మామూలు జూమ్ కటకాన్ని యాభై దగ్గర పెడితే దాని అంకె సాధారణంగా 5.6 ఉంటుంది. భాగిస్తే 9 మిల్లీమీటర్లు, ఒక శనగగింజంత! వైశాల్యాలు పోల్చి చూస్తే మొదటిది రెండోదానికన్నా తొమ్మిది, పది రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. అంకె చిన్నదైన కొద్దీ ద్వారం పెద్దదన్న మాట. ఇట్లాంటి కటకాన్ని ఇంగ్లీషువాళ్ళు ‘ఫాస్ట్’ లెన్సు అంటారు. అది ఎక్కడికీ పరుగెత్తదు. వెలుతురు ఎక్కువ వస్తుంది కాబట్టి షట్టరును వేగంగా మూసెయ్యవచ్చు, అంతే.

నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసే ఇళ్ళ పిల్లలకు ఇది చెప్పవలసిన పనే లేదు. తూము ఎత్తితే మడి తొందరగా తడుస్తుంది. తూము సందు చిన్నదైతే అదే మడి తడవడానికి చాలాసేపు కావాలి. ఫొటో కూడా అంతే. ద్వారం తూము, షట్టరు తెరిచి ఉంచే సమయం నీళ్ళు పారే సమయం, ఫిల్ము లేక సెన్సారు మడి.

మిట్టమధ్యాహ్నపు ఎండకూ, రాత్రి ఒకే బల్బు వెలిగే గదికీ తేడా సుమారు వెయ్యి రెట్లు. మన కన్ను సర్దుకుపోతుంది కనుక మనకు తెలియదు. అటువంటి గదిలో ఐ.ఎస్.ఓ. 800 పెట్టి శనగగింజ ద్వారంతో తీస్తే షట్టరు సెకనులో ఎనిమిదో వంతు తెరిచి ఉంచాలి. అంతసేపు చెయ్యి కదలకుండా ఎవరికి సాధ్యం? మనది కదలకపోయినా ఎదుటి మనిషి కదులుతాడు. అదే గదిలో 1.8 దగ్గర ఎనభయ్యో వంతు సెకను చాలు. యాభై కటకాన్ని చేత్తో పట్టుకున్నప్పుడు యాభయ్యో వంతుకు తగ్గకుండా చూసుకోవాలన్నది ఫొటోగ్రాఫర్ల పాత సూత్రం. మనం ఆ గీతకు ఇవతల ఉన్నట్టే.

ఈ అద్దాలు ఎక్కడి నుంచి వచ్చాయి

ఈ కటకానికి మూలపురుషుడు ఒక గణితవేత్త. మన లెక్కల పుస్తకాల్లో కనిపించే గౌస్, 1817లో దూరదర్శిని కోసం ఒక జంట అద్దాల అమరికను ప్రతిపాదించాడు. అటువంటి రెండు అమరికలను ఎదురెదురుగా నిలబెట్టి, 1896లో జర్మనీలోని జైస్ కంపెనీలో పాల్ రుడాల్ఫ్ ‘ప్లానార్’ అనే కటకాన్ని తయారుచేశాడు. గీత గీసినట్టు స్పష్టమైన బొమ్మ వచ్చేది. కాని ఒక చిక్కు ఉండేది. గాలికీ అద్దానికీ మధ్య ఉన్న ప్రతి తలమూ సుమారు నూటికి నాలుగు పాళ్ళ వెలుతురును వెనక్కి కొడుతుంది. ఎనిమిది తలాలు దాటేసరికి నాలుగో వంతుకు పైగా పోతుంది. పోయింది పోగా, అటూ ఇటూ తిరిగిన వెలుతురు బొమ్మ మీద పొగమంచులా పరుచుకుంటుంది. 1935లో అదే కంపెనీలో అలెగ్జాండర్ స్మకూలా అద్దం మీద పలుచని పూత వేసి ఈ ప్రతిఫలనాన్ని తగ్గించే ఉపాయం కనిపెట్టాడు. ఆ తర్వాత ఈ జంట గౌస్ అమరికే యాభై మిల్లీమీటర్ల కటకాలకు రాజబాట అయింది. ఇవాళ ఏ కంపెనీ చౌక యాభైని విప్పి చూసినా ఇంచుమించు ఆ కుటుంబమే.

అంతకు ముందు ఫొటో అంటే పగలే. ఆరో నిజాము కొలువులో ఉండిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో స్టూడియోలు పగటి వెలుతురు మీద ఆధారపడేవి. 1920ల చివర ఎరిక్ సాలమన్ అనే జర్మన్, ఎఫ్ 2 కటకం ఉన్న చిన్న కెమెరాతో సభలలోకి, విందులలోకి వెళ్ళి, ఫ్లాషు లేకుండా, ఉన్న దీపాల వెలుతురులోనే పెద్దమనుషుల ముఖాలు తీసి లోకాన్ని ఆశ్చర్యపరిచాడు. ఆవలిస్తున్న రాయబారులు కూడా మనుషులే అని అప్పుడే తెలిసింది.

ఫిల్ము రోజుల్లో మనకు సామాన్యంగా దొరికింది 100, 125 ఏ.ఎస్.ఎ. ఫిల్మే. ఊటీలోని ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ అనే పేరుతో సరుకు అమ్మేది. మన ఇందూరు పేరే పెట్టుకున్నట్టు మాకు అదొక ముచ్చట. ఆ ఫిల్ముతో రాత్రిపూట ఇంట్లో తీయాలంటే ఎఫ్ 1.8 కూడా కష్టంగానే సరిపోయేది. కాబట్టి ఫ్లాషు కొట్టేవారు. ఫ్లాషు వెలుతురు దగ్గరి ముఖాన్ని సున్నం కొట్టినట్టు చేసి, వెనక ఉన్న ఇంటినంతా చీకట్లో కలిపేస్తుంది. మన పాత పెళ్ళి ఆల్బములు తెరిచి చూడండి: మనుషులున్నారు, ఇల్లు లేదు.

బీడీల చాట ముందు

ఇక అసలు సంగతికి వస్తాను. మన జిల్లాలో ఎన్నో ఇళ్ళలో ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడతారు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం – రెప్పపాటులో అయిపోతుంది. వంటా వార్పూ ముగిసి, వెయ్యి లెక్క పూర్తి కావాలంటే పొద్దుగూకిన తర్వాత కూడా కూర్చోవలసిందే. నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో ఫొటో తీస్తానని అడిగాను.

“చీకట్ల ఏమొస్తది సారూ, లైటు కొట్టరా?” అన్నది ఆ యింటి అక్క.

“లైటు కొడితే నీ పని ఆగుతది అక్కా. నీకు కానొచ్చే వెలుగు నాకూ చాలు” అన్నాను.

ఆమె తల వంచుకుని పనిలో పడిపోయింది. వారం తర్వాత ప్రింటు తీసుకుపోయి ఇస్తే చాలాసేపు చూసి, “గీ చేతులు నాయేనా? మా అత్త చేతుల్లెక్కనే ఉన్నయి” అన్నది. బల్బు పసుపు రంగు, గోడ మీది నీడ, చాటలోని కట్టలు, ఆమె చూపు – అన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చాయి. ఫ్లాషు కొట్టి ఉంటే ఆ గదిని గది చేసిన వెలుతురే పోయేది. నా దృష్టిలో ఈ కటకం విలువ ఇదే. మనుషులు ఏ వెలుతురులో బతుకుతున్నారో ఆ వెలుతురులోనే వాళ్ళను చూపిస్తుంది.

బతుకమ్మ కూడా అంతే. తొమ్మిది రోజుల ఆటలో మంచి సమయం పొద్దు వాలిన తర్వాతనే. ఫ్లాషు పడితే పూలు కాగితం పూలయిపోతాయి.

రెండు వేళ్ళ మందం

పెద్ద ద్వారానికి కట్టవలసిన సుంకం ఒకటుంది. స్పష్టంగా కనిపించే మేర తగ్గిపోతుంది. మనిషి ఒకటిన్నర మీటరు దూరంలో ఉంటే ఎఫ్ 1.8 దగ్గర ఆ మేర పది సెంటీమీటర్లు, అంటే బెత్తెడుకు కొంచెం ఎక్కువ. ఒక మీటరుకు జరిగితే నాలుగు సెంటీమీటర్లే, రెండు వేళ్ళ మందం. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది. అదే ఎఫ్ 8కి మూస్తే, ఒకటిన్నర మీటరు దగ్గర మూరెడు మేర స్పష్టంగా వస్తుంది.

ఈ మసకను చూసి మన మిత్రులు మురిసిపోతుంటారు. వెనక అంతా కరిగిపోయి ముఖం ఒక్కటే మిగిలితే ‘ప్రొఫెషనల్’గా ఉందంటారు. నాకు అది అంతగా రుచించదు. వెనక ఉన్నది ఎవరి ఇల్లో, ఏ కర్మాగారమో తెలియకుండా చెరిపేస్తే ఆ ఫొటో ఎక్కడ తీసినా ఒకటే. అందుచేత వెలుతురు చాలినప్పుడు నేను 2.8కో, 4కో మూస్తాను. 1.8ని గతిలేనప్పటి కోసం దాచుకుంటాను. ముఖం తీస్తే దగ్గరి కంటి మీద ఫోకసు పెట్టండి. మిగిలినదాన్ని చూసేవాడు క్షమిస్తాడు.

“నా ఫోనులో కూడా 1.8 అనే రాసి ఉంది కదా సార్” అని ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. ఫోను కటకం నాభ్యంతరం ఆరేడు మిల్లీమీటర్లే. భాగిస్తే ద్వారం నాలుగు మిల్లీమీటర్లు. వచ్చే మొత్తం వెలుతురు తక్కువ. ఆ లోటును పూడ్చడానికి ఫోను వరసగా అనేక బొమ్మలు తీసి లెక్కకట్టి కలుపుతుంది. కదలని వస్తువుకు అద్భుతంగా పనిచేస్తుంది. బీడీ చుట్టే వేళ్ళ దగ్గర, బతుకమ్మ ఆడే చేతుల దగ్గర ఆ లెక్క తడబడుతుంది.

కొనేవారికి నాలుగు సూచనలు

ఒకటి: విద్యార్థులు కొనే చాలా కెమెరాల్లో సెన్సారు పాత ఫిల్ము కన్నా చిన్నది. వాటిపై యాభై కటకం 75, 80 లాగా దగ్గరగా చూపిస్తుంది. మన ఇళ్ళలోని చిన్న గదులకు అది ఇరుకు. అటువంటి కెమెరాకు 35 ఎఫ్ 1.8 అసలైన ‘యాభై’.

రెండు: ఎఫ్ 1.4 కోసం అప్పు చేయకండి. 1.8 కన్నా వచ్చే వెలుతురు ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన మాత్రమే, ధర మాత్రం ఎన్నో రెట్లు.

మూడు: పాత కటకం కొంటే వెనక నుంచి టార్చి కొట్టి చూడండి. లోపల సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే అది బూజు. ద్వారపు రేకుల మీద నూనె మరకలు ఉండకూడదు. వానాకాలంలో తోలు సంచీలో మూసి పెట్టవద్దు. బూజుకు అంతకన్నా మంచి ఇల్లు లేదు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. అన్నిటికన్నా మంచి మందు, తరచుగా బయటికి తీసి వాడడం.

నాలుగు: మన కరెంటు 50 సైకిళ్ళది కనుక ట్యూబులైట్లూ, కొన్ని ఎల్.ఇ.డి. దీపాలూ సెకనుకు వందసార్లు మిణుకుతాయి. కళాశాల వేదిక మీద ఫొటోల్లో చారలు పడితే షట్టరును యాభయ్యో వంతుకో, నూరో వంతుకో మార్చి చూడండి.

శక్కర్‌నగర్ రాత్రులు

ఈ కటకంతో జూమ్ లేదు. పెద్దగా కనిపించాలంటే మనిషి దగ్గరికి నడిచి పోవాలి. పోతే పలకరించాలి. పలకరిస్తే పేరు తెలుస్తుంది, వద్దంటే వద్దు అని కూడా తెలుస్తుంది. దూరం నుంచి దొంగచాటుగా లాక్కునే ఫొటోకూ, అడిగి తీసుకునే ఫొటోకూ ఉన్న తేడా ఇదే. మన పల్లెల్లో ‘ఫొటో దింపుడు’ అంటారు. దింపినవాడు ఆ ఫొటోను తిరిగి వాళ్ళ ఇంటికి చేర్చే బాధ్యత కూడా మోయాలి.

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం 1937లో వెలిసింది. చెరుకు ఆడే కాలంలో రాత్రింబవళ్ళు నడిచేది. 2015 డిసెంబరులో లాకౌట్ ప్రకటించడంతో ఆగిపోయింది. అక్కడ పనిచేసిన కొన్ని కుటుంబాల ఆల్బములు నేను చూశాను. పదవీ విరమణ నాడు దండలతో పగటిపూట తీసిన గ్రూపు ఫొటోలున్నాయి. రాత్రి షిఫ్టు ఫొటో ఒక్కటి కూడా లేదు. మరిగే రసం ఆవిరిలో, పసుపు దీపాల కింద నిలబడిన మనిషి ఎట్లా ఉండేవాడో ఆ ఇంటి మనుమలు ఇక ఊహించుకోవలసిందే. ఆనాడు ఆ వెలుతురుకు చాలిన కటకమూ ఫిల్మూ సామాన్యుడి చేతిలో లేవు. ఇవాళ ఉన్నాయి. బీడీ చాటలు ఎన్నాళ్ళుంటాయో, బెల్లం వండే పెనాల కింద మంట ఎన్నాళ్ళు వెలుగుతుందో ఎవరూ చెప్పలేరు.

కావున విద్యార్థి సంఘం వారికి ఒక మనవి. ప్రతి యేడూ షామియానాకూ, మైకుసెట్టుకూ అయ్యే ఖర్చులో కొంత మిగిల్చి, ఒక సెకండ్‌హాండ్ కెమెరా, ఒక ఎఫ్ 1.8 కటకం కొని లైబ్రరీలో పుస్తకంలాగా అరువు ఇవ్వండి. పక్కన ఒక రిజిస్టరు పెట్టండి. అందులో ఫొటో ఎవరిది, ఏ ఊరు, ఏ తేదీ, వాళ్ళు ఒప్పుకున్నారా, ప్రింటు ఇచ్చారా – ఈ అయిదు గళ్ళు చాలు. పదేళ్ళు సాగితే ఆ రిజిస్టరు మన జిల్లా చరిత్రలో ఒక అధ్యాయమవుతుంది. కటకం నాదే ముందుగా ఇవ్వడానికి నేను సిద్ధం. కెమెరా సంగతి మీరు చూడండి.