పోగు తెగితే ఆగాలె: ఒక టొయోటా పిచ్చోడి మాటలు

మా క్లాసుల నన్ను "టొయోటా ఏజెంటు" అంటరు. ఎవరైనా ఇంట్లో కారు కొంటున్నం అంటే చాలు, నేను మధ్యల దూరి జపాన్ బండే తీసుకోమని చెప్తా. కమీషన్ ఏం రాదు. మా ఇంట్ల ఒక స్కూటీ తప్ప వేరే బండి కూడా లేదు. కానీ జగిత్యాలల మా కాకకు 2012 మోడల్ ఇన్నోవా ఉంది. నా పిచ్చి అక్కడే మొదలైంది. పోయినేడు అదే ఇన్నోవా నా నోరు కొంచెం మూయించింది. ఆ సంగతి తర్వాత చెప్తా.

మన దిక్కు టొయోటా మీద ఇంత నమ్మకం ఎందుకంటే, సగం కారణం గల్ఫ్ అని నాకనిపిస్తది. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ దిక్కు ఊర్లల్ల గల్ఫ్‌కు పోయిరాని ఇల్లు దొరకడం కష్టం. మా కాక సౌదీల తొమ్మిదేండ్లు హైలక్స్ నడిపిండు. ఇసుకల, ఎండల, సరిగ్గా సర్వీస్ లేకుండా కూడా ఆ బండి ఎట్ల నడిచిందో ఇప్పటికీ చెప్తడు. అట్ల వచ్చినోళ్లకు ఇక్కడ 2000 జనవరిలో క్వాలిస్ దొరికింది, 2005లో ఇన్నోవా దొరికింది. రెండూ బెంగళూరు దగ్గర బిడదిలో తయారైనవే. షంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కు మనోళ్లను దింపి వచ్చే బండ్లల్ల ఇన్నోవాలు ఎన్ని ఉంటయో ఒక రాత్రి రాజీవ్ రహదారి మీద నిలబడి చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఇంజన్ ఎందుకు అంత కాలం నడుస్తది? పాత ఇన్నోవాలో ఉన్నది 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్. పవర్ 102 పీఎస్. అంటే లీటరుకు సుమారు 41. ఇప్పటి స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్‌లో ఒక్క లీటర్ టర్బో పెట్రోల్ ఇంజనే 115 పీఎస్ ఇస్తది. పెట్రోల్‌నీ డీజిల్‌నీ పోల్చడం పూర్తిగా కరెక్ట్ కాదని నాకు తెలుసు, ఐడియా కోసం చెప్తున్న. స్లావియా చెడ్డ బండి అనట్లేదు, నడిపితే మజా దాంట్లనే ఉంటది. కానీ మన భాషలో చెప్పాలంటే టొయోటా వాళ్లు ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చెయ్యలేదు. పెద్ద ఇంజన్ పెట్టి, దానితో చిన్న పని చేయించిన్రు. లోపల వేడి, ఒత్తిడి తక్కువ, కాబట్టి అరుగుదల తక్కువ. దీనికి రేటు కూడా మనమే కడతం. ఏడుగురు మనుషులు, పైన సామాను వేసుకుని నిర్మల్ దాటినంక మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు ఆ 102 పీఎస్ ఎంత తక్కువో తెలుస్తది. కాక రెండో గేర్ వేసి ఏం మాట్లాడడు.

జపాన్ బండి అంటే నెమ్మది బండి అనుకోవద్దు మళ్ల. హోండా వాళ్ల వీటెక్ ఉంది. వాల్వులను తెరిచే క్యామ్‌కు రెండు ఆకారాలు ఉంటయి. ఆర్‌పీఎం తక్కువ ఉన్నప్పుడు చిన్నది పని చేస్తది, ఎక్కువైతే ఆయిల్ ప్రెషర్‌తో ఒక పిన్ను లాక్ అయి పెద్దది పని చేస్తది. ఇనుముతో రాసిన ఇఫ్-ఎల్స్ అన్నట్టు. 1989లో ఇంటెగ్రాతో వచ్చింది. మా హాస్టల్ ఫ్రెండ్ వాళ్ల నాన్న పాత సిటీని ఒక్కసారి 6000 ఆర్‌పీఎం దాకా లాగినప్పుడు విన్న సౌండ్ నాకు ఇంకా గుర్తుంది.

కానీ నాకు అన్నిటికన్నా నచ్చే కథ ఇంజన్‌ది కాదు, మగ్గానిది. మా అమ్మమ్మ వాళ్లది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాలను సాంచాలు అంటరు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు పోతే రాత్రంతా టకటక సౌండే. సాంచా నడిపే మనిషి పని ఏంటంటే, నాలుగైదు సాంచాల మధ్య తిరుక్కుంట పోగు ఎక్కడ తెగిందో చూసుడు. చూడకపోతే బట్ట ఖరాబు అయితనే ఉంటది, మిషన్ మాత్రం నేస్తనే ఉంటది.

జపాన్‌లో సకిచి టొయోడా అనే ఆయన పట్టుకున్నది ఈ సమస్యనే. 1924లో తెచ్చిన ఆయన ఆటోమేటిక్ మగ్గం పోగు తెగితే దానంతట అదే ఆగిపోతది. మనిషి నిలబడి కాపలా కాయాల్సిన పని లేదు. 1929లో దాని పేటెంట్ హక్కులను ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీకి అమ్మిన్రు. ఆయన కొడుకు కీచిరో ఆ మగ్గాల కంపెనీలోనే 1933లో కార్ల విభాగం మొదలుపెట్టిండు. 1937లో అది విడిపోయి టొయోటా మోటార్ అయింది. మగ్గం బుద్ధి మాత్రం కార్ల ఫ్యాక్టరీకి వచ్చింది. లైన్ మీద తప్పు కనిపిస్తే మామూలు వర్కర్ కూడా ఒక తాడు గుంజొచ్చు. సూపర్‌వైజర్ వచ్చి చూస్తడు, సమస్య తీరకపోతే లైన్ ఆగుతది. ఎర్రర్‌ని ముందుకు పోనియ్యకుండా అక్కడే ఆపుడు. మనం కోడ్‌లో అసర్షన్లు పెట్టేది కూడా ఇందుకే కదా.

ఇప్పుడు మా కాక సంగతి. ఆయన ఇన్నోవాని సెకండ్ హ్యాండ్‌లో కొన్నడు. అమ్మినాయన "టైమింగ్ బెల్ట్ మొన్ననే మార్చినం" అన్నడు. బిల్లు లేదు. నేను పక్కనే ఉన్న. "టొయోటా ఇంజన్‌కి ఏం గాదు కాకా, తీసుకో" అన్నది నేనే. పోయినేడు ఒక రాత్రి, దమ్మామ్ పోయే మా వాడకట్టు అన్నను ఎయిర్‌పోర్ట్‌కు తీసుకపోతుంటే సిద్దిపేట దాటినంక ఇంజన్ ఒక్కసారి బంద్ అయింది. బెల్ట్ తెగింది. ఈ ఇంజన్‌లో బెల్ట్ తెగితే పిస్టన్లు పోయి వాల్వులను గుద్దుతయి. వాల్వులు వంగినయి. రిపేర్‌కు అరవై వేలకు పైనే అయినయి. ఆ అన్నకు ఇంకో బండి దొరికేసరికి ఫ్లైట్ పోయింది. కొత్త టికెట్‌కు సగం పైసలు కాక ఇచ్చిండు. మిగతా సగం అప్పు తెచ్చుకుని పోయిండాయన. నన్ను ఎవ్వరు ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధైంది.

తప్పు బెల్ట్‌ది కాదు. లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్ల మధ్య దాన్ని మార్చాలె, అంతే. గుర్తు చెయ్యడానికి డ్యాష్‌బోర్డ్ మీద ఒక లైట్ కూడా ఉంటది. కానీ ఆ లైట్ బెల్ట్‌ని చూడదు. అది ఒక కౌంటర్. కిలోమీటర్లు లెక్కపెడుతది, రీసెట్ చేస్తే సున్నా అయితది, బెల్ట్ మార్చినా మార్చకున్నా సరే. వందేండ్ల కిందటి మగ్గం నిజం పోగుని పట్టి చూసింది. ఈ లైట్ మనిషి మాటను నమ్ముతది, నేను నమ్మినట్టే.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలె, లేకపోతే నేను నిజంగనే ఏజెంటు అయిత. ఆ పాత మగ్గాల కంపెనీ ఇప్పటికీ ఉంది, పేరు టొయోటా ఇండస్ట్రీస్. డీజిల్ ఇంజన్లు కూడా చేస్తది. 2024 జనవరిలో, పవర్ టెస్ట్ చేసేటప్పుడు అమ్మే బండిలో ఉండే సాఫ్ట్‌వేర్ కాకుండా వేరే సాఫ్ట్‌వేర్ ఉన్న ఈసీయూ పెట్టి, రీడింగులు ఎగుడుదిగుడు లేకుండా కనిపించేటట్టు చేసినమని వాళ్లే ఒప్పుకున్నరు. మన దగ్గర క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ డిస్పాచ్‌లు కొన్ని రోజులు ఆగినయి. మళ్లీ చెక్ చేసినం, ఇంజన్లు స్టాండర్డ్‌కు సరిపోతున్నయి, బండ్లు వాడుకోవచ్చు అన్నరు. అయినా మనం ల్యాబ్‌లో ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు ఒక కోడ్ చూపించి, ఇంకోటి సబ్మిట్ చేసినట్టు ఉంది కదా! పోగు తెగితే ఆగే మగ్గం చేసిన కంపెనీ అది.

ఇప్పటికీ అడిగితే జపాన్ బండే తీసుకోమంట. కానీ ముందు సర్వీస్ బిల్లులు చూపించుమంట. బిల్లు లేకపోతే బెల్ట్ మార్పించే ఖర్చు రేటులో కలుపుకోమంట. కాక కోసం ఫోన్‌లో ఒక స్ప్రెడ్‌షీట్ చేసి ఇచ్చిన, ఆయన తెరవడు. బానెట్ లోపల పర్మనెంట్ మార్కర్‌తో రాసుకున్నడు: బెల్ట్ మార్చింది 2,87,400. దాని కింద నాతోని ఇంకో లైన్ రాయించిండు: మళ్ల 3,87,000 దగ్గర.