పంచాంగం తెచ్చుకోండి, కాలిక్యులేటర్ వద్దు

బి.ఏ., బి.కాం. చదివే పిల్లలకు ఖగోళం చెప్పమని నన్నెవరూ అడగలేదు. గుంటూరులో మా కాలేజీ టైంటేబుల్లో వారానికి ఒక గంట ఎవరికీ అక్కరలేకుండా పడి ఉంటే నేనే అడిగి తీసుకున్నాను. ఏ ఏడు చూసినా మొదటి క్లాసులో వెనక బెంచీ నుంచి వచ్చే మాట ఒకటే: “మేడమ్, మాకు లెక్కలు రావండీ. టెన్త్‌తోనే వదిలేశాం.” ధైర్యం చెప్పే పని నేను పెట్టుకోను. “వచ్చే వారం ఇంట్లో పంచాంగం ఉంటే పట్టుకు రండి. లేకపోతే గోడ మీది క్యాలెండర్‌లో ఈ నెల కాగితం ఫోటో తీసుకు రండి. కాలిక్యులేటర్ మాత్రం వద్దు” అంటాను.

స్టాఫ్‌రూంలో దీని మీద గొడవ లేకపోలేదు. సైన్సు పేరు పెట్టి జాతకాలు చెబుతున్నానని ఒకాయన, దేవుడి గూట్లో ఉండాల్సిన పుస్తకాన్ని బెంచీల మీద పడేయిస్తున్నానని ఇంకొకావిడ. నా లెక్కలో పంచాంగం రెండు పుస్తకాలు కలిపి కుట్టినది. సూర్యుడు, చంద్రుడు, గ్రహాలు ఏ రోజు ఎక్కడుంటాయో చెప్పే గణితం ఒకటి. దానివల్ల ఉద్యోగం వస్తుందా, సంబంధం కుదురుతుందా అని చెప్పే ఫలితం రెండోది. రాశిఫలాల పేజీలకు ముందే స్టేప్లర్ కొట్టిస్తాను. మిగిలినదాంట్లో ఒక సెమిస్టర్‌కు సరిపడా ఖగోళం ఉంది.

తిథితో మొదలుపెడతాం. వినాయక చవితి, ముక్కోటి ఏకాదశి, అట్లతద్ది: తిథి పేరు వినని పిల్ల క్లాసులో ఉండదు. తిథి అంటే ఏమిటని అడిగితే మాత్రం “రోజు” అంటారు. రోజే అయితే పంచాంగంలో ‘విదియ ఉదయం 10.42 వరకు’ అని ఎందుకుంటుంది? పదీ నలభై రెండుకు రోజు అయిపోతుందా? అక్కడ కాస్త కదలిక వస్తుంది. ఆకాశంలో సూర్యుడికీ చంద్రుడికీ మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. అమావాస్యనాడు ఇద్దరూ ఒకే దిక్కున ఉంటారు, కోణం సున్నా. పౌర్ణమికి ఎదురెదురు, 180. చుట్టు మొత్తం 360. దాన్ని 12 పెట్టి భాగిస్తే 30 తిథులు. లెక్కలు రావన్నవాళ్ళే ఈ భాగహారం నోటితో చేసేస్తారు.

చంద్రుడు భూమి చుట్టూ తిరిగే దారి సరైన వృత్తం కాదు, కాస్త సాగి ఉంటుంది. భూమికి దగ్గరైనప్పుడు వేగంగా, దూరమైనప్పుడు నెమ్మదిగా నడుస్తాడు. అందుకే ఒక తిథి 20 గంటలకే అయిపోతే, ఇంకొకటి 26 గంటల దాకా సాగుతుంది. పండగ శనివారమా ఆదివారమా అని ఏటా టీవీల్లో తేలకుండా నడిచే ‘తగులు మిగులు’ చర్చ వెనక ఉన్నది ఈ హెచ్చుతగ్గుల నడకే. దగ్గరైతే వేగం, దూరమైతే నెమ్మది అన్న ఈ తీరును గ్రహాల విషయంలో నియమంగా చెప్పి కెప్లర్ 1609లో అచ్చువేశాడు. ఆయన పేరు ఇంత అయ్యాకే బోర్డు మీద రాస్తాను. ముందే రాస్తే దాన్ని ఎక్కించుకుని పరీక్షకు దాచుకుంటారు, ఇక తలెత్తరు.

మొదటి ఇంటిపని: ఒక పక్షం పాటు ఒకే చోట నిలబడి, రోజూ ఒకే వేళకు చంద్రుణ్ణి చూసి, ఎక్కడున్నాడో బొమ్మ గీసుకు రావడం. హాస్టల్ పిల్లలు డాబా ఎక్కడానికి వార్డెన్ ఒప్పుకోవాలి. ఆ చీటీలన్నిటి మీదా సంతకం పెట్టే బాధ్యత నాది. కొలవడానికి చెయ్యి చాలు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే అది ఆకాశంలో దాదాపు 10 డిగ్రీలు, చిటికెనవేలు వెడల్పు ఒక డిగ్రీ. చంద్రుడు అర డిగ్రీయే. పున్నమి చంద్రుణ్ణి చిటికెనవేలితో పూర్తిగా కప్పెయ్యొచ్చంటే ఎవరూ నమ్మరు. మర్నాడు వరండాలో ఆపి మరీ చెబుతారు, “కప్పేశానండీ” అని. ఆ పక్షంలోనే చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు వెనకబడుతుందనీ, శుద్ధ అష్టమి చంద్రుడు అర్ధరాత్రికల్లా అస్తమిస్తాడనీ వాళ్ళంతట వాళ్ళకే తెలిసిపోతుంది. ఆ తరవాత పాపం సినిమాలు సుఖంగా చూడలేరు. అర్ధరాత్రి సీను, నడినెత్తిన నెలవంక కనబడితే చాలు, నాకు మెసేజ్ వస్తుంది.

“ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం పట్టాలి కదా మేడమ్?” ఈ ప్రశ్న వాళ్ళ నోటి నుంచి వచ్చేదాకా ఆగుతాను. వచ్చాక ఆటల గదిలోంచి ఫుట్‌బాలూ టెన్నిస్ బంతీ తెప్పిస్తాను. అది భూమి, ఇది చంద్రుడు. పరిమాణాల నిష్పత్తి ఇంచుమించు సరిపోతుంది. రెంటినీ ఎంత ఎడంగా పెట్టాలో చూపించమంటే జానెడు దగ్గర కొందరు, మూరెడు దగ్గర కొందరు ఆగిపోతారు. తప్పు వాళ్ళది కాదు, చిన్నప్పటి నుంచీ చూసిన బొమ్మ ఒక పేజీలో పట్టాలి కదా. అసలు దూరం భూమి వ్యాసానికి 30 రెట్లు. టెన్నిస్ బంతి పట్టుకున్న అమ్మాయి ఆరున్నర మీటర్లు నడిచి అవతలి గోడకు ఆనుకుంటుంది. ఆ లెక్కన సూర్యుడు 24 మీటర్ల గోళం, రెండున్నర కిలోమీటర్ల అవతల. చంద్రుడి దారి సూర్యుడి దారికి 5 డిగ్రీలు వాలి ఉంది. ఇంత దూరం మీద 5 డిగ్రీలంటే బంతి అరమీటరు పైకో కిందికో పోతుంది. దాని నీడ ఫుట్‌బాల్‌కు తగలదు. రెండు దారులూ ఒకదాన్నొకటి దాటే చోటు దగ్గర అమావాస్య పడితేనే గ్రహణం.

దాటే చోట్లు రెండే. వాటికి పంచాంగంలో పేర్లున్నాయి: రాహువు, కేతువు. ఇది చెప్పిన రోజు గంట కొట్టినా ఎవరూ లేవరు. మింగే పాము అనుకున్నది ఆకాశంలో ఒక కూడలి అని, ఆ కూడళ్ళు వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్ళకు ఒక చుట్టు పూర్తి చేస్తాయని విన్నాక ప్రశ్నలే ప్రశ్నలు. గ్రహణం నీడల వల్ల పడుతుందని ఆర్యభటుడు దాదాపు 1500 ఏళ్ళ కిందటే రాశాడు.

వ్యవసాయం ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు కార్తెలు వదిలిపెట్టను. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయనీ, మృగశిర వస్తే తొలకరి అనీ వాళ్ళ నాన్నల కంటే నాకు ఎక్కువేమీ తెలియదు. నేనడిగేది ఒకటే: కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రంలో ఉన్న కాలం, సుమారు 13 రోజులు. మరి సూర్యుడున్న చోట పగలు కదా, చుక్కలు కనబడవు. సూర్యుడు రోహిణిలో ఉన్నాడని పాతకాలం వాళ్ళకెలా తెలిసింది? దీని మీద కొన్ని వారాలు నడిపించొచ్చు. ఒకరు సాయంత్రం పడమట అప్పుడే మునుగుతున్న చుక్కల్ని చూసి ఉంటారంటారు. ఇంకొకరు తెల్లవారుజామున తూర్పు అంటారు. మూడో దారి పున్నమి చంద్రుడు. ఆయన సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు కాబట్టి ఆయన పక్కన ఏ చుక్క ఉందో చూస్తే సూర్యుడి చిరునామా దొరుకుతుంది. రోహిణికి ఎదురు జ్యేష్ఠ. ఎండలు మండే ఆ రోజుల్లో పున్నమి వస్తే చంద్రుడు ఎర్రటి జ్యేష్ఠా నక్షత్రం దరిదాపుల్లో కనిపిస్తాడు.

పెళ్ళిలో చూపించే అరుంధతి సంగతి త్వరగా అయిపోతుంది. వైశాఖంలో రాత్రి తొమ్మిదికి సప్తర్షులు ఉత్తరాన బాగా పైకి ఉంటారు, వశిష్ఠుడి పక్కన అరుంధతి కళ్ళజోడు సరిగ్గా ఉన్నవాళ్ళకు కనబడుతుంది. కార్తీకంలో అదే వేళకు ఆ మండలం దిగంతం కింద ఉంటుంది. మరి కార్తీకం ముహూర్తాల్లో ఏం చూపించారని తమ అక్కల్నీ వదినల్నీ అడిగి రమ్మంటాను. ఆ జవాబులు ఇక్కడ రాయను.

“బ్లాక్‌హోల్స్ ఎప్పుడు చెబుతారు?” అని మధ్యలో ఒకరైనా అడుగుతారు. చెప్పను, చివరి దాకా. కోట్ల కాంతిసంవత్సరాలు, లక్షల కోట్ల నక్షత్రాలు అంటూ మొదలుపెట్టే పాఠాలు వినేవాళ్ళను నోరు తెరిపిస్తాయి గానీ ప్రశ్న అడగనివ్వవు. ఎన్ని సున్నాలు పెట్టినా వాళ్ళకు ఒకటే. ఎవరో పెద్దవాళ్ళు లెక్కగట్టారు, మనం నమ్మాలి, అంతే. దానికీ రాశిఫలాలకూ తేడా నాకు పెద్దగా కనిపించదు. అదే ఒక కర్ర నిలబెట్టి నీడ కొలవమంటే చూడండి. జూన్‌లో మా గుంటూరులో మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది, డిసెంబర్‌లో ఉత్తరానికి. ఏడాదిలో రెండు రోజులు, మే 5, ఆగస్టు 8 ప్రాంతాల్లో, పన్నెండు దాటిన కాసేపటికి కర్రకు నీడే ఉండదు. ఢిల్లీలో ఏ రోజూ ఇలా జరగదు. ఎందుకో కనుక్కున్న కామర్స్ కుర్రాడికి కర్కట రేఖ అంటే ఏమిటో విడిగా చెప్పనక్కర్లేదు.

చరిత్ర చదివే పిల్లలకు నా దగ్గర వేరే పాఠం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఈ ఊరి మీదుగా పోయింది. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి పియరీ జాన్సెన్ ఓడెక్కి వచ్చి గుంటూరులో మకాం వేశాడు. వెంట తెచ్చుకున్నది వెలుగును రంగులుగా విడగొట్టి చూపే వర్ణపటదర్శిని. దాని సంగతి చెప్పడానికి హోంసైన్స్ ల్యాబ్‌లో స్టవ్ వెలిగించి చిటికెడు ఉప్పు చల్లిస్తాను. నీలిమంట ఒక్కసారిగా పసుపు పచ్చన అవుతుంది. ఇంట్లో కూర పొంగినప్పుడు అందరూ చూసిందే. ఆ పసుపు ఉప్పులోని సోడియంది. ప్రతి మూలకానికీ తనవైన రంగు గీతలుంటాయి, ఒకదానివి ఇంకొకదానికి రావు.

గ్రహణం పట్టినప్పుడు సూర్యుడి అంచున ఎర్రటి జ్వాలలు కనబడతాయి. అవేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. జాన్సెన్ వాటిని తన పరికరంలో చూస్తే మెరిసే గీతలు కనబడ్డాయి. అంటే అది మండే వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని పట్టుకోవచ్చని ఆయనకు అనిపించింది. మర్నాడు ఉదయం, మామూలు ఎండలో, ఇక్కడే ప్రయత్నించి చూసేశాడు. అప్పటిదాకా ఆ జ్వాలల కోసం గ్రహణం పట్టే ఆ కొద్ది నిమిషాలకై ప్రపంచం ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగేవారు. ఆ అవసరం గుంటూరులో తీరిపోయింది. ఈ సంగతి చెబుతూ ఆయన కాకినాడ నుంచి ఉత్తరం రాశాడు. ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ కూడా తన తంటాలు తాను పడి అక్టోబర్ 20న అదే పద్ధతి సాధించాడు. ఇద్దరి కబుర్లూ ప్యారిస్‌లోని సైన్సు అకాడమీలో అక్టోబర్ 26న ఒకే సమావేశంలో చదివారు. తరవాత ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ ఉన్న పతకం వేయించింది.

అదే గ్రహణాన్ని మద్రాసు వేధశాల నుంచి వచ్చిన పాగ్సన్ బందరులో చూశాడు. ఆ జ్వాలల్లో ఒక పసుపు గీత ఉంది. ఉప్పు గీతకు దగ్గరే గానీ సరిగ్గా అక్కడ లేదు. దగ్గరే కదా, సోడియమే అయ్యుంటుందని వదిలేయడం తేలిక. లాక్యర్ వదల్లేదు. ఇది భూమ్మీద ఎవరూ చూడని పదార్థమన్నాడు. దానికి పెట్టిన పేరు హీలియం. నమ్మనివాళ్ళే ఎక్కువ. చివరికి 1895లో విలియం రామ్సే దాన్ని భూమ్మీది ఖనిజంలోంచి బయటికి తీశాడు. ఇదంతా అయ్యాక ఒక అమ్మాయి, “ఇంత జరిగితే ఈ ఊళ్ళో ఒక్క బోర్డైనా లేదేం మేడమ్?” అంది. ఆ ప్రశ్న చరిత్ర శాఖకు పంపించాను.

పరికరాల గురించి అడిగే తల్లిదండ్రులకు నా సలహా: చవక టెలిస్కోపు కొనకండి. కదిలే స్టాండు మీద అది వణుకుతూ ఉంటే పిల్లవాడు నెలలో దాన్ని అటకెక్కిస్తాడు. ఆ డబ్బుకు మంచి బైనాక్యులర్ వస్తుంది. అందులో చంద్రుడి గుంటలు, కృత్తికల గుంపు, చెయ్యి కదలకుండా గోడకు ఆనించి పట్టుకుంటే గురుగ్రహం పక్కన గెలీలియో 1610లో చూసిన చుక్కలూ కనబడతాయి. సూర్యుడి వైపు మాత్రం తిప్పకూడదు, ఒక్క క్షణం కూడా. ఫోన్‌లో స్టెల్లేరియం వేసుకుంటే ఏ చుక్క ఏదో తెలుస్తుంది. బయటికెళ్ళి చూశాకే ఫోన్ తెరవాలన్నది నా క్లాసులో షరతు.

2027 ఆగస్టు 2న సూర్యగ్రహణం ఉంది. ఈజిప్టులో సంపూర్ణంగా, మన దగ్గర సాయంత్రం పూట పాక్షికంగా. గ్రహణం కళ్ళజోళ్ళు ముందే తెప్పించి పెట్టాలి. అవి చాలనివాళ్ళు వేపచెట్టు కింద నిలబడితే సరి, ఆకుల సందుల్లోంచి పడే ప్రతి వెలుగు చుక్కా కొరికిన సూర్యుడిలా నేల మీద పరుచుకుంటుంది. ఆ రోజు సోమవారం, కాలేజీ ఉంటుంది. గ్రహణమని సెలవు అడగడానికి వచ్చేవాళ్ళు ఇప్పటి నుంచే నా దగ్గరికి రానక్కర్లేదు.